కిరీటం పెట్టినవాడి పేరు

చిక్కడపల్లి హాల్లో రెండో గంట కొట్టేశారు. మూడోది కొడితే తెర లేస్తుంది. ఆ మూడోది వేషాలు కట్టే రంగు గదిలో జగదీశ్వర్ గారి గుండెలో అప్పుడే మోగుతోంది. యూనివర్సిటీ రంగస్థల శాఖలో ముప్పయ్యేళ్లు నాటకాలు ఆడించి, పల్లె యక్షగానాన్ని కుర్రకారుకు నేర్పి, వాళ్లతో ఊరూరా తిరిగిన మనిషాయన. ఆ కోర్సు ఉంచాలో తీసెయ్యాలో తేల్చే కమిటీ ఇప్పుడు ముందు వరుసలో కూర్చుంది. ఇన్నేళ్లు తిరిగి ఊళ్లలో మీరు మిగిల్చిందేమిటని పొద్దున వాళ్లడిగితే, ఆట చూడండని మాత్రం అన్నారాయన. ఇక ఈ ఆటే జవాబు చెప్పాలి. ఆట ఆగితే కోర్సుకూ మంగళమే.

సరిగ్గా అప్పుడే పెద్దులు లోపలికొచ్చాడు. రాజు వేషం కట్టిన అనుదీప్‌కు తండ్రి. కొడుకు అశోక్‌నగర్ హాస్టల్లో సర్కారు కొలువు పరీక్షకు చదువుతున్నాడని ఆయన నమ్మకం. తెల్లవారితే పరీక్ష. సర్వపిండి రొట్టెల మూటతో ఊరి నుంచి వస్తే గదికి తాళం వేసి ఉంది. పక్కగది కుర్రాళ్లు ఈ హాలుకు దారి చూపారు.

"అనుదీప్, లే. పోదాం."

కొడుకు పలకలేదు. కిరీటం అప్పుడే తలకెక్కింది మరి.

కిరీటం పెట్టాక సొంత పేరుకు పలకరాదన్నది జగదీశ్వర్ గారి కట్టడి. పలికినవాడి తల మీంచి కిరీటం ఇక ఊడదనీ, దాంతోనే పెళ్లి పీటలెక్కాలనీ ఆయన చెప్పేవారు. నిజానికి అది ఒకప్పుడు నారాయణగూడలో రిహార్సల్ చేస్తుంటే, కింద చాయ్ హోటల్లోంచి స్నేహితులు కేకేసినప్పుడల్లా వేషగాళ్లు పరుగెత్తకుండా అల్లిన అబద్ధం. ఆట ఆడిన ప్రతి ఊళ్లోనూ ఉప్పూ కారం జల్లి మరీ చెప్పారు. ఇప్పుడదే తండ్రీకొడుకుల మధ్య గోడై నిలిచింది.

పెద్దులు ఇంకా దగ్గరికొచ్చాడు.

"కన్నతండ్రి పిలుస్తుంటే పలుకవారా?"

చెయ్యి కిరీటం మీదికి చాచాడు. జగదీశ్వర్ గారు అడ్డం వెళ్లారు. అదంతా నా కల్పనే, పలుకు నాయనా అని చెప్పెయ్యబోయారు. అంతలో ఆ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"తప్పైంది సారూ," అన్నాడు పెద్దులు, గొంతు తగ్గించి. "కిరీటం పెట్టినోన్ని పేరు పెట్టి పిలువొద్దు గద. మా తాతల కాలంకెల్లి ఉన్నదే. మా ఊర్ల ఒకడు పలికిండట. ఇగ ఊడలే. కిరీటం మీదనే బాసింగం కట్టి పెండ్లి చేసిండ్రు. దర్వాజల పట్టకుంటే పైదూలం కోసిండ్రట."

పెళ్లి వరకు కథ జగదీశ్వర్ గారిదే. బాసింగం, దూలం మాత్రం ఆయన ఎన్నడూ విననివి.

పెద్దులు చేతులు కట్టుకున్నాడు. "రాజా, మంగళం పాడినంక నాతోని హాస్టల్‌కు వస్తవా? పొద్దుగాల పరీచ్చ ఉన్నది."

"తప్పక వచ్చెదము," అన్నాడు రాజు. కళ్లు మాత్రం కొడుకువే.

మూడో గంట మోగింది. రాజు వేదిక మీదికి వెళ్లాడు. తెర లేవడం ఆలస్యమెందుకో కనుక్కుందామని అంతకుముందే వచ్చిన కమిటీ పెద్ద ప్రభావతి గారు గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. ఈ ఆచారం ఏ కాలం నాటిదని అడిగారు.

"తాతల కాలం నాటిదట మేడమ్. ఆయన్నే అడగండి," అన్నారు జగదీశ్వర్ గారు, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

ఆవిడ పక్కతెర చాటున పెద్దులు పక్కనే కుర్చీ వేయించుకున్నారు. మూట ఒళ్లో పెట్టుకుని అతను ఆ కథ మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి కోసిన దూలాలు రెండు.