గ్లాసు మీది గీత

సాయంత్రం టీ వేళ ఆ ఇంటికి మీరు వెళితే అంతా మర్యాదగానే కనిపిస్తుంది. కోడలు అందరి చేతికీ గ్లాసులు అందిస్తుంది. మామగారి గ్లాసు మాత్రం కిటికీ గట్టు మీద ఉంటుంది. అందులోకి జానెడు ఎత్తు నుంచి పోస్తుంది. ఆ స్టీలు గ్లాసు అంచు కింద చుట్టూ ఒక సన్నని గీత. లేత్ మేస్త్రీ అయిన ఆ మామగారు తన మిషను మీద తానే కోసి పెట్టుకున్న గుర్తు అది. రెండేళ్ల కిందట దగ్గు ముదిరి, వీధిలో "క్షయట" అన్న మాట పుట్టిన వారంలోనే కోసుకున్నాడు. ఎవరూ కొయ్యమనలేదు. ఎవరూ వద్దనీ అనలేదు. మన పెద్దమనసు అంతవరకే.

క్షయ మందులు పనిచేయలేదు. పెద్దాసుపత్రి డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, "ఇది క్షయ కాదు మేస్త్రీగారూ, దాని దాయాది. నీళ్లల్లో, మట్టిలో ఉంటుంది. మీ నుంచి ఇంట్లోవాళ్లకి వచ్చేది కాదు" అంది. మేస్త్రీ తల ఊపాడు గాని గ్లాసు మార్చలేదు. ఇంట్లోవాళ్లూ మార్చలేదు.

మాత్రలకు జబ్బు సగమే లొంగింది. అప్పుడామె ఇంకో దారి చెప్పింది. పీల్చే మందొకటి ఇంకా పరీక్షల్లో ఉందట. అది పురుగును చంపదు, ఒంట్లోని కాపలా కణాలకు బలమిస్తుంది.

"తగ్గుతుందని మాటివ్వలేను. ఇష్టమైతేనే సంతకం పెట్టండి. మాత్రలు మాత్రం మానకూడదు."

"మరి ఇన్నాళ్లూ ఆ కాపలావాళ్లు నిద్రపోయారామ్మా?"

"నిద్రపోలేదు. పురుగును మింగాయి. అరిగించుకోలేక కడుపులో పెట్టుకుని మోస్తున్నాయి."

"ఈయన కోపంలాగే" అంది పక్కనున్న భార్య.

ఆరు నెలలు పీల్చాడు. దగ్గు పూర్తిగా పోలేదు గాని మెట్లెక్కే ఓపిక వచ్చింది. ఆ రోజు డాక్టరమ్మ ఇద్దరినీ మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. మొదటి గాజుపలక మీద, మందుకు ముందు అతని ఊపిరితిత్తుల్లోంచి కడిగి తీసిన కణాలు, కడుపు నిండా ఎర్రటి పుల్లల్లాంటి పురుగులతో. రెండోది మొన్న తీసింది. అందులో పుల్లలు వెతికితే ఒకటో రెండో.

"ఒక్కో కణం ఎంతుంటుందమ్మా?"

"మిల్లీమీటరులో యాభయ్యో వంతు."

మేస్త్రీ కన్ను తీయలేకపోయాడు. అతని వెర్నియర్ కొలబద్ద కొలవగలిగినదాంట్లో అతి చిన్నది అదే. ముప్పై ఏళ్లుగా ఆ కొలత దగ్గర అతని పనితనం ఆగిపోయేది. సరిగ్గా అంతే ఉన్న పనివాళ్లు, లక్షలమంది, సెలవన్నది లేకుండా తనలో కాపలా కాస్తున్నారు. తానేమో ఆ ఒంటినే అంటరానిదని గీత గీసి పెట్టాడు.

"ఇంత పని జరుగుతోందా నాలో" అన్నాడు మెల్లగా.

భార్య చాలాసేపు చూసి తల ఎత్తింది. "అమ్మా, నిజంగా క్షయే అయితే గ్లాసు వేరు పెట్టాల్సిందేనా?"

"అక్కర్లేదు. అది దగ్గితే గాలిలో వస్తుంది, గ్లాసులో రాదు."

ఆ సాయంత్రం కోడలు జానెడు ఎత్తు నుంచి టీ పోసింది. అత్తగారు గట్టు మీది గ్లాసు తీసుకుని, గీత పైన పెదవి ఆనించి సగం తాగి, మిగతాది భర్త చేతికిచ్చింది. కోడలి చేతిలో గిన్నె అలాగే నిలిచిపోయింది.

"అత్తయ్యా..."

"నిన్నొక్కదాన్నే అనడం లేదులేమ్మా. రెండేళ్లపాటు నేనూ చూస్తూ ఊరుకున్నాను. కంటికి కనపడని కణం పురుగుకే భయపడలేదు, ఇంతేసి మనుషులం మనం గ్లాసుకి భయపడ్డాం. రోగం ఏదైనా మందు చూసేది డాక్టరు. మనిషిని వేరు పెట్టకుండా చూసుకోవలసింది మనం."