గరుకు గొట్టాలు

తమ్ముడి శవం మీద కప్పిన గుడ్డను నేను సరిచేస్తుండగానే తుపాకులు మళ్ళీ పేలడం మొదలైంది. తలెత్తి చూశాను. పరీక్ష షెడ్డులో పన్నెండు బల్లలున్నాయి. పదకొండింటి దగ్గర మనుషులు పనిలో ఉన్నారు. పన్నెండో బల్లను ఒకతను బకెట్టు నీళ్ళతో కడుగుతున్నాడు.

"కాసేపు ఆపండయ్యా" అన్నాను.

"సాయంత్రానికి లోడు వెళ్ళాలి మాస్టారూ. మీరు కానివ్వండి" అన్నాడు ఫోర్‌మన్, నా వైపు చూడకుండానే.

నేను బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. తుపాకుల సంగతి నాకు తెలియదు. తర్వాత తెలిసిందంతా ఆ ఫ్యాక్టరీ మనుషులు చెప్పిందే.

తుపాకి గొట్టం వెనక చివర తూటా కూర్చునే చోటు ఉంటుంది. దాన్ని వాళ్ళు గది అంటారు. తూటా పేలగానే దాని ఇత్తడి గుల్ల ఉబ్బి గది గోడలకు అదుముకుంటుంది. గోడ నున్నగా ఉంటే వెంటనే వదిలేస్తుంది. తొలిచిన పనిముట్టు గీతలు గోడమీద మిగిలి ఉంటే ఇత్తడి ఆ గీతల్లోకి కరుచుకుపోతుంది. ఇక లాగినా రాదు. ఆ గీతలు పోగొట్టడమే నునుపు షెడ్డు పని. అక్కడ నలభై మంది ఆడవాళ్ళు ఉంటారు. కర్రకు గుడ్డ చుట్టి, సానపొడి అద్ది, గదిలో పెట్టి తిప్పుతారు. తుడిచి, వెలుతురుకేసి పట్టి చూసి, మళ్ళీ తిప్పుతారు. ఒక్కో గొట్టానికి పద్దెనిమిది నిమిషాలు. మా మరదలు, అంటే తమ్ముడి భార్య, పదకొండేళ్ళుగా ఆ పనే చేస్తోంది. కంటికి కనిపించని గీతను కూడా సన్నటి పుల్లతో తడిమి పట్టుకుంటుంది.

నిరుడు ప్రభుత్వం ఆ షెడ్డును ఒక కాంట్రాక్టరుకు అప్పగించింది. అతను గడియారం పట్టుకునే మనిషినొకణ్ణి తెచ్చాడు. ఆడవాళ్ళు అతనికి 'నిమిషాలాయన' అని పేరు పెట్టారు. నిమిషాలాయన మూడు రోజులు వాళ్ళ వెనక నిలబడి, గొట్టానికి నాలుగు నిమిషాలు చాలని తేల్చాడు.

"లోపల ఎవరు చూస్తారమ్మా? బయట మెరిస్తే చాలు" అన్నాడు.

"మీ పళ్ళు కూడా అంతేనా సార్? బయట మెరిస్తే చాలా, లోపల పుచ్చిపోయినా?" అంది ఒకావిడ. షెడ్డంతా నవ్వింది. ఆవిణ్ణి వారం రోజులు గేటు లోపలికి రానివ్వలేదు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

నాలుగు నిమిషాల గొట్టాలు పరీక్షలో ఇరుక్కోవడం మొదలైంది. ఫోర్‌మన్ దానికి ఉపాయం కనిపెట్టాడు. సైన్యం వాళ్ళు తనిఖీకి వచ్చే రోజున తూటాలను నూనె గుడ్డతో తుడిపించేవాడు. నూనె తగిలిన గుల్ల గరుకు గదిలోంచి కూడా జారి వచ్చేస్తుంది. ఆ తుడిచే పని నునుపు షెడ్డు ఆడవాళ్ళకే ఇచ్చాడు. వాళ్ళు తుడిచారు.

మిగతా రోజుల్లో నూనె లేదు. ఇరుక్కున్న తుపాకిని పక్కన పెట్టి, మరమ్మతు చేసేవాణ్ణి పిలవాలన్నది రూలు. పక్కన పెడితే ఆ రోజు లెక్క తగ్గుతుంది. రెండు రోజులు తగ్గితే మూడో రోజు పనిలేదు. అందుకని పరీక్షించేవాళ్ళు గొట్టం ముందు నుంచి ఇనుప కడ్డీ దూర్చి, సుత్తితో కొట్టి గుల్లను ఊడగొట్టేవాళ్ళు. ఆ రోజు మా తమ్ముడి తూటా పేలనే లేదు. సగం దూరి గరుకులో ఇరుక్కుంది. చుట్టూ పదకొండు తుపాకులు మోగుతుంటే తనది కూడా పేలిందనుకున్నాడు. కడ్డీ దూర్చి కొట్టాడు. అప్పుడు పేలింది.

తమ్ముడు పోయిన మూడో రోజు గేటు పక్క బోర్డు మీద నోటీసు అంటించారు. 'మరణానికి కారణం కార్మికుని నిర్లక్ష్యం' అని ఉంది. ఎన్నో ఏళ్ళుగా పిల్లల పుస్తకాల్లో ఎర్ర సిరాతో 'నిర్లక్ష్యం' అని నేనూ రాశాను. ఆ మాట ఇక నా చేత్తో రాయలేను.

ఆదివారం పొద్దున సైకిలు స్టాండు రేకుల కింద మీటింగు పెట్టారు. ఫ్యాక్టరీలో సగం మంది వచ్చారు. కాలేజీ పిల్లలు పదిమంది వచ్చారు. ఫోర్‌మన్ మనుషులిద్దరు వచ్చి వెనక నిలబడ్డారు.

మరదలు లేచింది. "నోటీసు చింపించాలి. పద్దెనిమిది నిమిషాలు మళ్ళీ తెప్పించాలి. నేనడిగేది అంతే."

"ఎందుకండీ?" అన్నాడు ఒక విద్యార్థి. "ఆ తుపాకులు రేపు మనమీదికే వస్తాయి. ఇరుక్కోనివ్వండి. మంచిదేగా!"

కొందరు చప్పట్లు కొట్టారు. కొలిమి దగ్గర పనిచేసే తాత మాత్రం తల అడ్డంగా ఊపాడు. మరదలు ఆ కుర్రాడి వైపు తిరిగింది.

"నువ్వు చదువుకున్నవాడివి నాయనా. తుపాకి ఎవరి మీద పేలాలో చెప్పేది మనం కాదు. మనం చెప్పే రోజు రావాలి, వస్తుంది. కానీ ఇరుక్కున్నది ఎవరి చేతిలో పేలుతుందో చూశాను. మా ఆయన చేతిలో పేలింది. రేపు కూలి దొరక్క సైన్యంలో చేరిన ఎవడి చేతిలోనో పేలుతుంది. కాంట్రాక్టరు చేతిలో పేలదు. వాడు తుపాకి పట్టుకోడు."

"మరి నూనె రాసిందెవరు?" అన్నాడు వెనకనుంచి ఫోర్‌మన్ మనిషి. "మీరేగా!"

మరదలు కూర్చుంటుందనుకున్నాను.

"మేమే" అంది. "ఈ చేతులే. అడిగినందుకు సంతోషం. నీ ముందు ఒప్పుకున్నదే మంగళవారం తనిఖీకొచ్చే ఆఫీసరు ముందూ ఒప్పుకుంటాం. వెళ్ళి చెప్పుకో."

"మరి ముందే చెప్పేస్తే ఎలాగే?" అని తాత నెత్తి కొట్టుకున్నాడు.

"చెప్పనీ తాతా. ఫోర్‌మన్ నలభై మందిని ఒక్క రోజులో మార్చగలడా? మార్చినా, కొత్తవాళ్ళకి నూనె రాయడం ఎవరు నేర్పుతారు?"

మంగళవారం ఆడవాళ్ళు తూటాలను పొడి గుడ్డతో తుడిచి బల్లల మీద పెట్టారు. ఫోర్‌మన్ పళ్ళు కొరుకుతూ చూశాడు. ఆఫీసరు ఎదురుగా ఉన్నాడు కాబట్టి నోరెత్తలేదు. మొదటి బల్ల దగ్గర రెండో తూటాకే గుల్ల ఇరుక్కుంది. అక్కడున్న మనిషి కడ్డీ ముట్టుకోలేదు. తుపాకిని బల్ల మీద పెట్టి చెయ్యెత్తాడు. నాలుగో బల్ల దగ్గర ఇంకో చెయ్యి లేచింది. కాసేపటికి పన్నెండు చేతులూ గాల్లో ఉన్నాయి. షెడ్డు నిశ్శబ్దమైంది.

"తూటాలు బాగాలేవు సార్" అన్నాడు ఫోర్‌మన్.

"తూటాలు బాగున్నాయి సార్" అంది మరదలు. "ఇన్నాళ్ళూ మీకు నూనె రాసినవి చూపించాం. గొట్టాలు గరుకు. అలాంటివి ఆరు వేలు మీవాళ్ళ చేతుల్లోకి వెళ్ళిపోయాయి. ఒకటి మా ఆయన్ని చంపింది."

ఆఫీసరు ఆమె మాట విన్నాడు. గొట్టంలోకి చూశాడు కూడా. తర్వాత ఫైలు మూసి కాంట్రాక్టరుతో, "మనం లోపల మాట్లాడుకుందాం" అన్నాడు. తలుపు వేసుకున్నారు. మాట్లాడుకున్నది ఏమిటో మర్నాడు పొద్దున గేటు మీద కనబడింది. నలభై మంది పేర్లు తీసేశారు. ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించారని కేసు. నోటీసు అలాగే ఉంది.

ఆ పొద్దున ఎవరూ పనిలోకి వెళ్ళలేదు. కొలిమివాళ్ళు, వడ్రంగులు, లారీల్లో పెట్టెలు ఎక్కించేవాళ్ళు అందరూ గేటు ముందు నేల మీద కూర్చున్నారు. నేను బడికి సెలవు పెట్టి వాళ్ళ మధ్య కూర్చున్నాను. పదింటికి ప్రభుత్వం కాపలా దళాన్ని దించింది. ఇరవై మంది కుర్రాళ్ళు వరసగా నిలబడి తుపాకులు మా వైపు పెట్టారు.

"లేచి పోండి! మూడు అంకెలు లెక్కపెడతాను!" అని అరిచాడు వాళ్ళ అధికారి.

మరదలు లేచింది. పోలేదు. వరస చివరి కుర్రాడి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"బాబూ, దాని నంబరు చూడు. ఏడుతో మొదలైతే కాంట్రాక్టరు వచ్చాక మా షెడ్డులో చేసిందే. నాలుగు నిమిషాలది."

కుర్రాడు కదల్లేదు. కళ్ళు మాత్రం కిందికి దిగాయి.

"ఏడే కదా?" అన్నాడు తాత కూర్చున్న చోటు నుంచే. "అయితే మొదటిది పేలుతుందిరా అబ్బాయ్. రెండోదానికి మళ్ళీ మమ్మల్నే పిలవాలి!"

ఎవరో నవ్వారు. గేటు ముందు ఆ పొద్దున అదే మొదటి నవ్వు.

"ఇరుక్కుంటే కడ్డీతో కొట్టకు" అంది మరదలు. "ఎవరు చెప్పినా సరే. మా ఆయన అలాగే పోయాడు."

కుర్రాడు మెల్లగా అడిగాడు. "దీన్ని బాగుచెయ్యడానికి ఎంతసేపు పడుతుందక్కా?"

"పద్దెనిమిది నిమిషాలు. మేం అడుగుతున్నది అదే."

"పట్టుకోండి దాన్ని!" అని అధికారి అరిచాడు. గేటు పక్కన ఆగి ఉన్న వ్యానులోంచి ఇద్దరు పోలీసులు వచ్చి ఆమె రెక్కలు వెనక్కి విరిచారు. ఆమె పెనుగులాడలేదు. వ్యాను మెట్టు మీద ఒక్క క్షణం ఆగి, "బావగారూ, నోటీసు" అంది. తలుపు మూశారు.

వెళ్ళి బోర్డు మీది ఆ కాగితాన్ని నేనే చింపాను. నన్నెవరూ ఆపలేదు. వెనక్కి తిరిగేసరికి కాపలా కుర్రాళ్ళు ఒక్కొక్కరే తలవంచి తమ తుపాకుల నంబర్లు చదువుకుంటున్నారు.

"తలలు పైకి!" అని అధికారి అరిచాడు.

ఒక్క తల కూడా పైకి లేవలేదు.