ఇస్తారి సెట్టు

గౌడవెల్లిలో ఏ పెళ్లయినా మైకుసెట్టు ఇస్తారిదే. కరెంటు తగలగానే ఆ ఆంప్లిఫయర్ గుయ్యిమనేది. ఆ రొదంటే ఇస్తారి కొడుకు ధర్మేందర్‌కు చిన్నప్పట్నుంచీ ఒళ్లుమంట. తండ్రి పోయిన ఇన్నేళ్లకు, గోడ కరెంటుతో పనిలేకుండా లారీ బ్యాటరీల మీద నడిచే ఆంప్లిఫయర్ తయారుచేశాడు. తల్లి రుక్కమ్మను కూర్చోబెట్టి పాత పాట వేస్తే, పాడే ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది.

“ఎట్లున్నదమ్మా?”

“మస్తుగున్నది గని, పాటకు ముందుగాల గుయ్యిమంటలేదు గదరా. గది ఇనవడితేనే మీ నాయిన ఆడున్నడని నాకెరుకయ్యేది.”

ధర్మేందర్ అటక మీది పాత సెట్టు దించి, దుమ్ము దులిపి, ప్లగ్గు గోడకు పెట్టాడు. గుయ్యిమంది.

రుక్కమ్మ చప్పున లేచి, కొంగు సర్దుకుని వాకిలి వైపు చూసింది.