అడ్డకమ్మీల దాకా

పడవ మాది. వయసు ముప్పై నాలుగేళ్లు. నడిసముద్రంలోకి తీసుకెళ్లినా మనిషిని క్షేమంగా తిరిగి తెచ్చే రకం అని మాకు అమ్మిన ముసలి కెప్టెన్ చెప్పాడు. కొనాలని పట్టుబట్టింది నేనే. నా భార్యకి మొదట్లో నీళ్లు బకెట్లో ఉంటేనే ఇష్టం. రెండేళ్లు ఆ పడవని గీకీ, రుద్దీ, రంగులేసీ చివరికి నాకంటే ఆవిడకే ఎక్కువ పిచ్చి పట్టింది.

పడవ లోపల గోడకి ఒక జాబితా అంటించింది. చేయాల్సిన పనులన్నీ వరసగా రాసి, ఒక్కోటీ అయ్యాక పక్కన టిక్కు పెట్టేవాళ్లం. ఇంజిన్, బ్యాటరీలు, చుక్కాని, అడుగున కారే చోట్లు, అన్నిటికీ టిక్కులు పడ్డాయి. అందులో ఒకటి దొంగ టిక్కు. అది నేను పెట్టిందే.

అంత పాత పడవలో ముందు చూడాల్సింది తెరచాప స్తంభం కొన. స్తంభాన్ని నిలబెట్టే ఉక్కు తీగలన్నీ అక్కడి కొక్కేలకే బిగించి ఉంటాయి. ఒక్క కొక్కెం విరిగినా చాలు, నలభై ఐదడుగుల స్తంభం నెత్తిమీద కూలుతుంది. పైకి వెళ్లే దారి కూడా ఒక్కటే. గుడ్డ కుర్చీలో ఒకరు కూర్చుంటే కింద ఇంకొకరు తాడు చుట్టే డ్రమ్ము పిడి తిప్పాలి. తాడు కొనమీది గిలక మీంచి దిగి డ్రమ్ముకి చుట్టుకుంటూ మనిషిని పైకి లాగుతుంది.

నాకు మేడ మీద బట్టలు ఆరేయాలన్నా కళ్లు తిరుగుతాయి. పెళ్లయిన పంతొమ్మిదేళ్లుగా ఏదో ఒక వంకతో ఆ సంగతి బయటపడకుండా నెట్టుకొచ్చాను. ఆరోజు మాత్రం గ్రీజు డబ్బా పట్టుకుని మహా వీరుడిలా కుర్చీలో కూర్చున్నాను. ఎండకి కట్టిన టార్పాలిన్ కింద నుంచి, పైన నేను కనబడకపోయినా, ఆవిడ పిడి తిప్పింది. స్తంభానికి సగం ఎత్తులో రెండు అడ్డకమ్మీలుంటాయి. అక్కడికి చేరేసరికే నా పైప్రాణాలు పైనే పోయాయి. "చాలు, ఆపు!" అని అరిచాను. కమ్మీని కావలించుకుని పావుగంట కూర్చున్నాను. పని చేసినట్టు కనబడాలి కదా, గ్రీజులో వేలు ముంచి పాతగుడ్డకి తుడిచాను.

"ఎలా ఉంది పైన?" అంది దిగాక.

"కొత్తదానిలా ఉంది. గిలకకి గ్రీజు కూడా పెట్టేశాను."

ఆవిడ నన్నొకసారి చూసింది. "అయితే టిక్కు మీరే పెట్టండి," అని పెన్ను చేతికిచ్చింది.

ఆ తర్వాత ఆ గోడకి ఎదురుగా కూర్చుని భోజనం చేస్తే ముద్ద దిగేది కాదు. ఆవిడ ప్రయాణానికని మందులూ దుప్పట్లూ సర్దుతుంటే నామీద నాకే అసహ్యం వేసేది. పరాయివాణ్ని కాదు, నన్ను నమ్మి సముద్రంలోకి వస్తున్న మనిషినే మోసం చేశాను. ఎన్నిసార్లో చెబుదామని నోరు తెరిచాను. తెరిచిన నోటితో "టీ ఉందా?" అన్నాను.

బయలుదేరే రోజు పొద్దున మా బావమరిది సాగనంపడానికి వచ్చాడు. మళ్లీ నేల కనిపించేది పదకొండు రోజుల తర్వాతే. నా భార్య తన పెద్ద సంచీని గట్టుమీదే పెట్టి పడవెక్కింది. టార్పాలిన్ విప్పేశాం, కట్లు మూడు విప్పేశాం. గట్టుకి ఒక్క తాడు మిగిలింది.

"మా అక్కకి ఈత కూడా సరిగ్గా రాదు బావా," అన్నాడు వాడు నవ్వుతూనే. "అన్నీ చూసుకున్నావుగా?"

ఆవిడ నావైపే చూస్తూ నిలబడింది.

"లేదు," అన్నాను. "పైన చూడలేదు. అడ్డకమ్మీల దాకానే వెళ్లాను. భయమేసింది. గ్రీజు సంగతి కూడా అబద్ధమే."

బావమరిది తెరిచిన నోరు మూయలేదు. ఆవిడ తిట్టలేదు. గుడ్డ కుర్చీ తీసి తనే కట్టుకుంది.

"తిప్పండి," అంది.

పిడి నా చేతికి రావడం అదే మొదటిసారి. తిప్పేకొద్దీ ఆవిడ పైకి, తాడు కిందికి. ఆవిడ అడ్డకమ్మీలు దాటింది. తలెత్తి చూడలేక తాడునే చూస్తూ తిప్పాను. చేతులు లాగేస్తుండగా, తాడు మీద ఎర్రదారంతో కట్టిన ముడి ఒకటి పైనుంచి దిగివచ్చి డ్రమ్ముని తాకింది. సరిగ్గా అప్పుడే పైనుంచి "చాలు" అని వినిపించింది.

ఆ ముడి ఎందుకో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చెవులు కాలిపోయాయి.

దిగాక, "ఒక కొక్కెం పగులు ఇచ్చింది," అంది. "గోరు దూరుతోంది."

"ఈ ఎర్రదారం..."

"కొన్నరోజే కెప్టెన్ గారు చూపించారు. అది డ్రమ్ము దాకా వస్తే మనిషి కొనకి చేరినట్టట. మీరప్పుడు ఇంజిన్లో తల దూర్చి ఉన్నారు."

"మరి ఆరోజే అడగొచ్చుగా?"

"అడిగితే చెప్పేవారే. అడక్కుండా చెప్తారేమోనని చూశాను."

"చెప్పకపోతే? అలాగే నాతో వచ్చేసేదానివా?"

ఆవిడ లోపలికి వెళ్లి, జాబితాలో నా టిక్కు కొట్టేసింది. బావమరిది గట్టుమీద తాళ్లు మళ్లీ కట్టడం మొదలుపెట్టాడు. ఏం చేయాలో తోచక నేను ఆవిడ సంచీ లోపల పెడదామని వెళ్లి ఎత్తాను. పదకొండు రోజుల బట్టల సంచీ ఒంటిచేత్తో లేచొచ్చింది. జిప్పు తీశాను.

లోపల ఒక పాత దిండు తప్ప ఏమీ లేదు.