చౌరస్తాలో దండ

ఫ్లెక్సీ వైపు తలెత్తి చూసిన తిరుపతికి కాళ్ల కింద భూమి కదిలినట్టయింది. దండ వేసి ఉన్న ఆ పెద్ద ఫొటో తనదే!

నిరుడు గుండెపోటుతో పోయిన స్నేహితుడు ప్రసన్నకుమార్ పుట్టినరోజు ఇవాళ. పెళ్లిళ్లు కాకముందు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే గదిలో కిరాయికి ఉండి, ఒకే కంచంలో తిన్నవాళ్లు. అందుకే ఎల్బీ నగర్ చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టించాలనుకున్నాడు తిరుపతి. వాడి ఫొటోకు దండ పెట్టి, కింద తనది చిన్నగా వేయమని షాపతనికి రెండు ఫొటోలూ వాట్సాప్‌లో పంపాడు. ఆ మహానుభావుడు కాస్తా తారుమారు చేసి కూర్చున్నాడు.

"ఏందిర నాయనా, బతికున్నోన్ని సంపిండ్రు!" అని తిరుపతి అరుస్తుండగానే వెనక ఆటో ఆగింది. ప్రసన్నకుమార్ భార్య ఉదయలక్ష్మి దిగింది. ఫ్లెక్సీని చూసి, తిరుపతిని చూసి కొయ్యబారిపోయింది.

"అన్నయ్యగారూ... మీరు బాగానే ఉన్నారు కదండీ?"

"మంచిగనే ఉన్న చెల్లె. గీ ఫ్లెక్సీ గిప్పుడే తీపిస్త."

"కాసేపు ఉండనివ్వండి," అందామె, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "మీరు సిగరెట్టు ముట్టించినప్పుడల్లా ఆయనేమనేవారో గుర్తుందా?"

గుర్తులేకేం? 'మానకపోతే నీ ఫొటోకి దండేసేది నేనేరా' అనేవాడు, జన్మలో సిగరెట్టు ముట్టనివాడు.

తిరుపతి మళ్లీ తలెత్తాడు. 'కన్నీటి నివాళులతో, నీ ప్రాణస్నేహితుడు' అన్న అక్షరాల పక్కన చిన్న ఫొటోలో, ప్రసన్నకుమార్ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.