కాశయ్య మగ్గం

సింధూజ ఏం చెప్పినా సరే, ఆ షెడ్డులోని నేతగాళ్లు ముందు ఓ ఖాళీ గుంట వైపు చూసేవాళ్లు. చూసి, కాసేపు ఆగి, అప్పుడు "సరే మేడం" అనేవాళ్లు.

మొదట్లో ఆమె దీన్ని పట్టించుకోలేదు. పట్టించుకునే తీరికెక్కడిది! హైదరాబాద్‌లో ఎంబీఏ చదివి, ఓ పెద్ద బట్టల షోరూంలో కొన్నాళ్లు పనిచేసి, ఆ కంపెనీ వాళ్లే సిద్దిపేటలో నడిపే చేనేత షెడ్డుకు మేనేజరై వచ్చిన పిల్ల. బుర్ర నిండా కొత్త ఆలోచనలు. ఒకడు చెప్తే పదిమంది చేసే కాలం పోయిందంటుంది. వారానికొకరు లీడరుగా ఉండాలంటుంది. పొద్దున్నే అందరూ గుండ్రంగా నిలబడి, నిన్నటి పని గురించీ ఇవాళ్టి పని గురించీ మాట్లాడుకోవాలంటుంది. గోడకు తెల్లబోర్డు పెట్టించింది. సలహాలు వెయ్యడానికి తాళంకప్ప ఉన్న డబ్బా పెట్టించింది.

"గిట్ల గుండ్రంగ నిలవెడితే నాకు బతుకమ్మ ఆడబుద్ధయితుంది మేడం," అని యాదవ్వ చప్పట్లు చరిస్తే షెడ్డంతా ఘొల్లున నవ్వింది. యాదవ్వ చీరకు గొల్లభామ బొమ్మల అంచు నెయ్యడంలో ఎంత గట్టిదో నోట్లోనూ అంత గట్టిది. సింధూజ కూడా నవ్వేసింది. నవ్వినా, వెక్కిరించినా, చెప్పిందల్లా చేశారు మరి. చీరలు ఎక్కువ దిగాయి. హైదరాబాద్ నుంచి ఎం.డి. ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. ఇదంతా తన చదువు గొప్పతనమే అనుకుంది, పాపం. ప్రతి మాటా ముందు ఆ గుంట దగ్గర పాసై వస్తోందని ఆమెకేం తెలుసు!

ఆ గుంట తలుపు పక్కనున్న మొదటి మగ్గానిది. కాశయ్య మేస్త్రీది. నేతగాడు కాళ్లు కిందికి వదిలి కూర్చునే గుంట అది. ముప్ఫై ఏళ్లకు పైగా ఆయన అందులోనే కూర్చుని ఆ షెడ్డును నడిపాడు. గొంతు పెంచి ఒక్కరోజు అరిచింది లేదట. ఎండాకాలంలో ఒక పగలు, నేస్తూ నేస్తూనే తల మగ్గం మీద వాల్చాడు. పక్కవాళ్లు కునుకు తీస్తున్నాడనుకున్నారు.

సింధూజ వచ్చేసరికి ఆయన నేసిన సగం చీర ఇంకా మగ్గం మీదే ఉంది. ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. మేస్త్రీ పోతే ఆయన నేతను కోసి పారెయ్యరు. తర్వాత మేస్త్రీ అయ్యే మనిషి అదే గుంటలో కూర్చుని మిగతాది నేసి, కొసన పడుగు పోగులు, అంటే నిలువు దారాలు, కాసిని వదిలి, వాటికే కొత్త పడుగు పోగులు అతుకుతారు. అలా ఒక చేతి నుంచి ఇంకో చేతికి మగ్గం తెగకుండా వెళ్తుంది. అతుకు పడేదాకా పాత మేస్త్రీయే మేస్త్రీ. చచ్చినా అంతే.

సింధూజ నేతగాళ్ల ఇంటి పిల్లే. తండ్రి రాజనర్సు భీవండిలో పవర్‌లూముల మధ్య ఇరవై ఏళ్లుగా చెవులు పోగొట్టుకుంటున్నాడు. షెడ్డు బాగా నడిస్తే ఒక మగ్గం ఇప్పించి ఆయన్ని ఇంటికి తెచ్చుకోవాలని, అసలు ఆ ఆశతోనే ఆమె హైదరాబాద్ కొలువు వదిలి ఇటొచ్చింది. ఖాళీగా ఉన్నది ఈ ఒక్క మగ్గమే. పని చెయ్యని మగ్గం కంపెనీకి నష్టమని ఆమె చదువు చెప్పింది. మా బాపు దీన్లో కూర్చుంటాడని మనసు చెప్పింది. రెండూ ఒకటే మాటంటే ఇంక ఆగుతుందా? కత్తెర తీసి పడుగు అడ్డంగా కోసేసింది. పోగులు దూరే అచ్చులోంచి తునకలన్నీ పీకేసి, అచ్చును సబ్బునీళ్లలో కడిగి ఎండబెట్టింది.

షెడ్డులో అందరికన్నా పెద్దది లింగవ్వ. ఆమె పక్కనే నిలబడి చూసింది గానీ చెయ్యి పట్టుకోలేదు.

"అతుకు మందం గింత సుత ఉంచకపోతివి గద బిడ్డా," అంది చివరికి. "ఇగ ఆయన యాడికి పోతడు?"

ఆ రోజు నుంచే మొదలైంది ఆ చూపు.

సెప్టెంబర్లో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోలోనే ఉండిపోయాయి. బడులకు తాళాలు, ఆఫీసులకు తాళాలు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు, బోనాలు, ధూంధాం ఆటపాటలు. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో దేవుడికెరుక. షెడ్డు మాత్రం నడుస్తూనే ఉంది. ప్రైవేటు పని, మనకేం కాదులే అని సింధూజ గుండె మీద చెయ్యేసుకుంది.

ఒక పొద్దున, పేక దారాన్ని అటూ ఇటూ మోసే నాడెలన్నీ ఒక్కసారే ఆగాయి. ఒకటి ముందు, ఒకటి వెనక కాదు. అన్నీ ఒక్క దెబ్బకే. నేతగాళ్లు చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ ఖాళీ గుంట వైపు తిరిగారు. ఏదో వింటున్నట్టు కూర్చున్నారు. తర్వాత లేచి, చెప్పులేసుకుని, ఒక్కొక్కరే బయటికి నడిచారు.

"ఏమైంది? యాడికి పోతున్రు?" సింధూజ పరుగున అడ్డం వచ్చింది. "ఎవరు జెప్పిన్రు మీకు?"

"మేస్త్రీ జెప్పిండు," అంది యాదవ్వ.

"ఏ మేస్త్రీ?"

యాదవ్వ ఆమెను వింతగా చూసింది. ఆ ముఖంలో వెక్కిరింత లేదు. అదే సింధూజను భయపెట్టింది. "మనకెందరున్నరు మేడం?" అని తప్పుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి ఎం.డి. ఫోన్. దీపావళికి పంపాల్సిన గొల్లభామ చీరలు సగం కూడా కాలేదు. "ఈ వారంలో మగ్గాలు ఆడకపోతే షెడ్డు ఎత్తేస్తాం సింధూజా. మగ్గాలు విప్పి ఎవరికో ఇచ్చేస్తాం. లీడరంటే మనుషుల్ని కదిలించేవాళ్లని మీరే కదా బోర్డు మీద రాశారు? కదిలించండి!" అని పెట్టేశాడు.

ఫోన్ కింద పెట్టిందో లేదో తండ్రి చేశాడు. "రైళ్లు నడుస్తలేవంటున్రు గద బిడ్డా. సమ్మె అయిపోంగనే బయలెల్లుత. నా మగ్గం తయారేనా?" అన్నాడు. లూముల మోత మధ్య అరుస్తున్నాడు. తయారే బాపూ అంది ఆమె. కొత్త పడుగు ఎక్కించి పెట్టింది నిజమే. అచ్చులో పోగులు ఎక్కించడమే మిగిలింది.

సాయంత్రం లింగవ్వ ఇంటికి వెళ్లి ఆమె ముందు కూలబడింది. నేతగాళ్లను ఎట్లన్నా పనికి రప్పించమని బతిమాలింది.

"నీ మాట మంచిదే బిడ్డా, గని వాళ్లు మేస్త్రీ మాటే ఇంటరు," అంది లింగవ్వ.

"నేను మేస్త్రీ కావాల్నంటే?"

ముసలామె చాలాసేపు పళ్లు లేని నోరు కదిలించింది. "అచ్చుల పోగులన్ని ఎక్కిచ్చి ఆ మగ్గం నింపాలె. ఆ గుంటల కూసోవాలె. గప్పుడు నువ్వేమంటే గదే."

"అయితే నువ్వు రా అవ్వా. పోగులు అందియ్యి, నేను గుంజుకుంట."

"సమ్మె గద బిడ్డా," అని లింగవ్వ లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పట్టపగలు సింధూజ ఒక్కతే షెడ్డుకు వెళ్లింది. ఎండ నడినెత్తిన ఉంది. రోడ్డు మీద ఒక్క బండి లేదు, ఒక్క షట్టరు తెరిచి లేదు. తన చెప్పుల చప్పుడు తనకే పెద్దగా వినిపించింది. ఆమె లెక్క చాలా తేలిక. మగ్గం నింపేస్తుంది, గుంటలో కూర్చుంటుంది, రేపు పొద్దున అందరినీ పనికి రమ్మంటుంది. వాళ్లు నమ్మేది ఏదైతేనేం, దాన్ని పనికొచ్చేలా వాడుకోవడం కూడా మేనేజ్‌మెంటే కదా!

గుంటలో దిగితే కాళ్లకు చల్లగా తగిలింది. చేతిలో పోగు లాగే చిన్న కొక్కెం. పాత పోగులుంటే వాటికి కొత్తవి మెలిపెట్టి అతకడం ఒక్క మనిషి పని. ఖాళీ అచ్చులో అలా కుదరదు. వెనక కూర్చుని ఒకరు పోగు అందించాలి, ముందు కూర్చుని ఒకరు కొక్కెంతో లాగాలి. ఆమె వెనక్కి వెళ్లి ఒక పోగు కొస అచ్చులో గుచ్చి, మళ్లీ ముందుకొచ్చి లాగింది. మళ్లీ లేచింది, మళ్లీ వెళ్లింది. నడుం పట్టేసింది. ఇలాగైతే దీపావళి కాదు కదా, సంక్రాంతి కూడా దాటిపోతుందని ఏడుపొచ్చింది.

కళ్లు తుడుచుకుని చూస్తే, అచ్చు సందులోంచి ఒక పోగు కొస బయటికి వచ్చి ఉంది.

తనే పెట్టి మరిచిపోయిందనుకుంది. లాగింది. పక్క సందులో ఇంకో కొస కనబడింది.

"ఎవరు? లింగవ్వా?"

వంగి మగ్గం కిందినుంచి అవతలికి చూసింది. అవతల నేల మీద కిటికీ వెలుగు పడి ఉంది. కాళ్లు లేవు, మనిషి లేడు. లేచి పరుగెత్తాలనుకుంది. మూడో కొస వచ్చింది. దాన్ని పట్టుకుంటే వేలికి తడి తగిలింది. నేతగాళ్లు పోగు కొసను పెదాల మధ్య తడిపి సన్నగా చేస్తారే, అలా ఉంది. ఉమ్మి తడి. గోరువెచ్చగా ఉంది.

పారిపోలేదు ఆమె. ఎందుకు పారిపోలేదంటే ఏం చెప్పాలి! భీవండిలో తండ్రి అరుపు చెవుల్లో ఉంది. పోగు వచ్చింది, లాగింది. ఇంకోటి వచ్చింది, లాగింది. కాసేపటికి భయం ఒక మూల కూర్చుంది. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. ఎంత ఓపికగా అందిస్తున్నాడో కాశయ్య! ఆమె తడబడితే ఆగుతున్నాడు. ఆమె ఊపందుకుంటే ఆయనా ఊపందుకుంటున్నాడు. తను నేర్చుకున్న పాఠాలన్నీ ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్ల గురించే. ఇట్లా వెనక కూర్చుని అందించేవాళ్ల గురించి ఎవరూ చెప్పలేదు.

కిటికీ వెలుగు గోడెక్కేసరికి చివరి పోగు వచ్చింది. కొక్కెం తగిలించి లాగింది. రాలేదు.

ఇంకొంచెం గట్టిగా లాగింది. అవతల వదల్లేదు. పోగు బిగుసుకుని, తెగకుండా, రాకుండా ఉండిపోయింది. ఏదో అడుగుతున్నాడని ఆమెకు తెలిసిపోయింది.

"రేపు అందరినీ పనికి పిలుస్త," అంది. "మగ్గాలు ఆడిపిస్త."

అప్పటిదాకా లాగిన పోగుల్లో కొసదొకటి సర్రున వెనక్కి జారి అచ్చులోంచి మాయమైంది. దాని పక్కదీ జారింది. ఆ పక్కదీ. ఆమె "అయ్యో అయ్యో" అంటూ మిగతావి గుప్పిట్లో పట్టుకుంది. పట్టుకున్నా వేళ్ల మధ్యలోంచి జారుతూనే ఉన్నాయి.

"ఆగు!" అని అరిచింది. "నీకేం, నువ్వు చచ్చి సుఖపడ్డవ్! వాళ్లు పనికి రాకపోతే కంపెనోళ్లు ఎత్తేస్తరు. అందరు భీవండి బాట పడ్తరు. మా బాపు అక్కడ్నే సస్తడు. గది నీకు మంచిగుంటదా?" ఏడుస్తూ తిట్టింది. నోటికొచ్చినట్టల్లా తిట్టింది.

జారడం ఆగలేదు. ఆమె తిట్లు మాత్రం ఆగిపోయాయి. గుంటలో కూర్చుని తను రమ్మంటే వాళ్లు వస్తారు. ఊరంతా రోడ్డు మీదుంటే తలలు వంచుకుని, గోడల పక్కగా నడిచి వస్తారు. తన మీది నమ్మకంతో కాదు, ఆ ముసలాయన మీది నమ్మకంతో. ఆయన ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా అడగనిది తను ఆయన పేరు చెప్పి అడగబోతోంది. ఛీ, అనిపించింది. సిగ్గుతో ముఖం మండిపోయింది.

"పిలువను," అంది. "సమ్మె అయిందాంక పిలువను. ఎవ్వరేమన్న గని."

జారిన పోగులు ఒక్కొక్కటే సందుల్లోంచి మళ్లీ తొంగి చూశాయి. ఆమె వాటిని లాగింది. చివరిది అడగకుండానే చేతికొచ్చింది. మగ్గం అవతల ముసలి మోకాళ్లు పట్టుమన్నాయి, ఎవరో నేల మీద చెయ్యి ఆనించి లేస్తున్నట్టు.

గుంటలో కూర్చునే ఎం.డి.కి ఆమే ఫోన్ చేసింది. షెడ్డు సమ్మెలో ఉందని, తనూ సమ్మెలోనే ఉన్నానని చెప్పింది. అతను మొదట నవ్వాడు, తర్వాత అరిచాడు. రేపట్నుంచి రావొద్దన్నాడు. మగ్గాల కోసం మనుషుల్ని పంపుతానన్నాడు.

తలెత్తితే గుమ్మంలో లింగవ్వ నిలబడి ఉంది. ఎవరికో దారిస్తున్నట్టు ముసలామె కొంగు దగ్గరికి లాక్కుని పక్కకు జరిగింది. చేతులెత్తి బయటి ఎండకు దండం పెట్టింది. అప్పుడు లోపలికొచ్చి గుంట ముందు నేల మీద కూర్చుంది.

"నా కొలువు పోయింది అవ్వా," అంది సింధూజ. "మగ్గాలు ఇప్పుకపోతరట."

"ఇప్పుకపోనీకి వస్తే అందరం అడ్డం పండుదాం. గది తర్వాత ముచ్చట," అంది లింగవ్వ. "సమ్మె అయినంక పని ఏ దినం పెడ్తవో జెప్పు మేస్త్రీ. వాళ్లకు జెప్పాలె."

ఆ పిలుపుకు సింధూజ గుంటలోంచి లేవబోయింది. కాళ్లు లేవలేదు. తిమ్మిరేమో అనుకుని మళ్లీ ప్రయత్నించింది. బరువుగా, ఇక్కడే ఏళ్ల తరబడి ఉన్నట్టు, అవి ఆ చల్లటి గుంటలో హాయిగా సర్దుకుని ఉన్నాయి.

ఫోన్ మోగింది. భీవండి నుంచి తండ్రి. ఈసారి లూముల మోత లేదు. అక్కడా కరెంటు పోయినట్టుంది, ఆయన గొంతు చాలా దగ్గరగా వినిపించింది.

"బిడ్డా, సంచి సదురుకున్న. నా మగ్గం ఖాళీగనే ఉన్నది గద?"

"లేదు బాపూ," అంది సింధూజ. "దాంట్ల మనిషున్నది."

అవతల సంచి కింద పెట్టిన చప్పుడైంది.

"ఎవరు బిడ్డా?"

"నేనే," అంది.