మాస్టారి ప్యాంటు వెనక కుట్టు

టేపు మాస్టారిని మెడలో టేపు లేకుండా చూసినవాళ్లు ఆ వీధిలో లేరు. ఆయన కుట్టుపని కొట్లో ఒక పద్ధతి ఉంది. గుమ్మం దగ్గర అద్దం ముందు మాస్టారు కొలతలు తీస్తారు. కొట్టు ఆ చివర పెద్ద బల్ల దగ్గర కత్తెర బాబాయి ఆ అంకెలు విని, సుద్దతో గుడ్డ మీద వేసుకుంటాడు. బాబాయికి చెవులు మందం. అందుకని ఆ కొట్లో అంకెలన్నీ కేకలే. భుజం, ఛాతీ, చెయ్యి పొడుగు రోడ్డు మీద పోయేవాడికి కూడా తెలిసిపోతాయి. ఒక్క ఆడవాళ్ల నడుము దగ్గర మాత్రం మాస్టారి గొంతు మూతపడుతుంది. తనే బల్ల దాకా నడిచివెళ్లి, బాబాయి చేతిలో సుద్ద తీసుకుని, ఆ ఒక్క అంకె తన చేత్తో వేసి వస్తారు. ఎంత పెద్దమనిషి అని ఆడవాళ్లంతా మెచ్చుకునేది అందుకే.

ఆ పెద్దమనిషితనం పెళ్లానికి వర్తించదని ఆయన భార్యకి చలికోటు కొలతలిచ్చిన రోజున తెలిసింది.

కొట్లో బ్యాంకు మేడమ్ ఉంది. ఇంకో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. భార్య నడుము చుట్టూ టేపు తిప్పి, గొంతు సవరించుకుని, మామూలు కన్నా ఒక మెట్టు ఎక్కువగానే మాస్టారు అంకె కేకేశారు. ఆ అంకె ఎంతో ఇక్కడ చెప్పడం లేదు. అప్పటికే వినాల్సినవాళ్ల కన్నా ఎక్కువమంది విన్నారు.

"టేపు అయిపోయింది బాబాయ్! ఇంకో ముక్క అతికించి పంపించు! కోటు గుడ్డ చాలదేమో, గుడారం గుడ్డ ఉందేమో వెతుకు!"

అందరూ నవ్వారు. అందరికన్నా ముందు నవ్వింది ఆవిడే. ఇంటికెళ్లాక గిన్నెలు కూడా చప్పుడు చెయ్యలేదు. కాపురం మీద కాస్త ధ్యాస ఉన్న మగవాడైతే ఆ నిశ్శబ్దానికే బెదిరిపోయేవాడు. మాస్టారు రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

కోటు కుట్టడం అయిపోయి ఇంటికొచ్చింది. ఆవిడ దాన్ని తలుపు వెనక కొక్కేనికి తగిలించి, చలికి పాత శాలువాతోనే సరిపెట్టుకుంది. ఆవిడ మనసులో అనుకున్నది ఒక్కటే. అదే కొట్లో, అదే అద్దం ముందు, అదే గొంతుతో ఈయనగారి నడుము కేకేయించాలి. అది జరిగాకే కోటు తొడుక్కోవడం.

మాస్టారి నడుము కూడా తక్కువదేం కాదు. కానీ కొలిచేవాడిని కొలిచేదెవరు? ఆయన ప్యాంట్లన్నీ పెళ్లినాటి కాగితం అచ్చు ప్రకారం కత్తిరించినవే. పొట్ట పెరిగినప్పుడల్లా ఆవిడే ఇంట్లో కాలి మిషను మీద వెనక కుట్టు విప్పి కాస్త వదులు చేసి, ఇస్త్రీ పెట్టి బీరువాలో సర్దేది. అలా ఆయనకి తన ఒళ్లు పెరిగిందన్న సంగతే తెలియకుండా జరిగిపోయింది. లోకంలో అందరి కుట్లూ వేలితో తడిమి చెప్పగల మనిషి తన ప్యాంటు లోపల ఏనాడూ చూసుకోలేదు.

ఇన్నాళ్లూ వదులు చేసిన చెయ్యే ఈసారి బిగించింది. అన్ని ప్యాంట్లకీ గోరంత.

పొద్దున్నే గదిలోంచి మూలుగు వినిపించింది.

"ఏమేవ్! ఇది ముడుచుకుపోయిందే!"

"ఎలా ముడుచుకుంటుందండీ? తడిపి ఆరబెట్టిన గుడ్డే కుడతామని కొట్లో పెద్ద బోర్డు పెట్టారుగా."

గుడ్డని తప్పుపడితే కొట్టు పరువు పోతుంది. మిగిలింది పొట్టే. ఊపిరి బిగబట్టి గుండీ పెట్టుకున్నారు. కొట్లో సూది పడితే తియ్యడానికి వంగలేక, ఆ పూటకి దాన్ని కాలితో బల్ల కిందకి నెట్టి ఊరుకున్నారు.

కొన్నాళ్లకి ఇంకో గోరంత. ఆ సాయంత్రం మాస్టారు అన్నం దగ్గర కూర్చుని, కంచం వంక కాకుండా నేల వంక చూస్తూ అన్నారు.

"తిండిలో ఏదో ఒకటి చెయ్యవే. మనుషులు చూస్తున్నారు."

"ఎవరు చూస్తారండీ? మీరు కేకేస్తే తప్ప ఎవరి నడుము ఎవరికి తెలుస్తుంది?" అంది ఆవిడ, ఎంతో ఓదార్పుగా.

కాలేజీలో ఆవిడ చదివిన చదువులో ఆహారం గురించి ఒక పాఠం ఉండేది. పరీక్ష రాసి మర్చిపోయింది. కోపం దాన్ని అక్షరం పొల్లుపోకుండా గుర్తుచేసింది. ఖరీదైన పొడులూ డబ్బాలూ ఏమీ కొనలేదు. ఇంట్లో ఉన్నవే చోటు మారాయి. కంచం నడుమ గుట్టగా కూర్చునే అన్నం ఒక మూలకి జరిగింది. సగం కంచాన్ని ఆకుకూరా, బీన్సూ, కీరదోస ముక్కలూ ఆక్రమించాయి. బంగాళాదుంప వేపుడు వెళ్లి ఉడికించిన శనగలొచ్చాయి. నూనె డబ్బా వంచే చెయ్యి చెంచా పట్టింది. టీలో చక్కెర రోజురోజుకీ కొంచెం కొంచెంగా సెలవు తీసుకుంది, ఉన్నట్టుండి మానేస్తే మగాళ్లు కొట్టు పక్కన టీ బండికి పోతారని. కడుపు మాడ్చలేదు కూడా. ఆకలితో ఇంట్లోంచి బయటపడ్డవాడి కాళ్లు తిన్నగా మిఠాయి కొట్టుకే వెళ్తాయి. అందుకని కోడిగుడ్డు పెట్టింది, పప్పు చిక్కగా పెట్టింది. ఆవిడా అదే తిండి తినేది. పగ తీర్చుకునేవాళ్లకి ఓపిక కావాలిగా.

"వేపుడు లేదా?" అనేవారు మాస్టారు.

"ఎందుకు లేదు? చేస్తానుండండి. నాకేం పోయింది? ప్యాంటు మీది."

మాస్టారు బీన్సు నమిలేవారు.

కొట్టు సొరుగులో బిస్కెట్లు దాచుకున్న సంగతి చొక్కా జేబులో పొడి చెప్పింది. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఆవిడ మిషను నడిచింది. మర్నాడు ఉదయం మాస్టారు తనంతట తనే బిస్కెట్ల పొట్లం కత్తెర బాబాయికి దానం చేశారు.

అసలు విచిత్రం ఏమిటంటే మాస్టారు నిజంగానే తగ్గుతున్నారు. కొట్టు మెట్లెక్కితే రొప్పడం పోయింది. రాత్రి గురక పోయి, ఆవిడకి గోడ గడియారం వినపడటం మొదలైంది. అయినా ప్యాంటు మాత్రం బిగుతే. ఆయన ఎంత తగ్గితే ఆవిడ ఇంకాస్త ఎక్కువ బిగించేది. అద్దం మాటా వినరు, ఆయాసం మాటా వినరు. నమ్మేది ప్యాంటునే. ఒకరోజు ఆయన దిగులుగా కీరదోస ముక్కని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే ఆవిడకి జాలి వేసింది. కోటు వంక చూసింది. జాలిని కూడా ఉప్పు తగ్గించే వడ్డించింది.

ఆఖరికి ఒక మధ్యాహ్నం ఆవిడ క్యారేజీ పట్టుకుని కొట్టుకి వెళ్లేసరికి బ్యాంకు మేడమ్ ఉంది, కొత్త గౌను సరిచూసుకుంటూ.

"ఇదేంటి మాస్టారూ, సగమైపోయారు! ఒంట్లో బాగుంటోందా?"

మాస్టారి మొహం కందగడ్డయింది. "ఎగతాళి చెయ్యకండి మేడమ్! పూటపూటా గడ్డీ గాదం తింటున్నా ఒళ్లు పెరుగుతూనే ఉంది. నా బాధ నాది!"

"పెరగడమేంటి? బాబాయ్, నువ్వు చెప్పు!"

"అనుమానం దేనికి? కొలిస్తే పోలా?" అంది ఆవిడ, క్యారేజీ కింద పెట్టి. "ఆ టేపు ఇలా ఇవ్వండి. బాబాయ్, నువ్వే కొలువు. గట్టిగా చెప్పు, మాకూ వినపడాలి."

మాస్టారు వద్దనేలోపే బాబాయి టేపు లాక్కుని నడుము చుట్టూ తిప్పాడు. చెవిటివాడి గొంతు. అంకె వీధి చివర దాకా వెళ్లింది. ఒకసారి కేకేసి, ఎవరికీ వినపడలేదేమోనని రెండోసారి కూడా కేకేశాడు. పక్క కొట్టువాళ్లు బయటికొచ్చి చూశారు.

తక్కువ అంకె. మాస్టారి కలలో కూడా లేనంత తక్కువ.

"టేపు సాగిపోయింది," అన్నారు మాస్టారు.

కొట్లో అందరూ ఆయన వంక అదోలా చూశారు. తన టేపు తప్పు చెప్తుందని తన కొట్లోనే అన్న దర్జీ ఆయనొక్కరే. ఆ మాట తన చెవిన పడ్డాక మాస్టారికి ఎక్కడో తట్టింది. చెయ్యి నెమ్మదిగా వెనక్కి వెళ్లింది. నడుం పట్టీ కొంచెం మడిచి, వేలితో లోపలి కుట్టు తడిమారు. పక్కపక్కనే పాత సూది రంధ్రాలు, వరసలు వరసలుగా. చివర ముడి వేసే తీరు ఎవరిదో ఆయన వేలికి తెలుసు.

తలెత్తి చూశారు. ఆవిడ క్యారేజీ మూత తీస్తోంది.

"ఏమైందండీ? ప్యాంటులో ఏమన్నా ఉందా?"

అందరూ చూస్తున్నారు. చెప్పడానికి నోరు తెరిస్తే, పెళ్లాం మోసం కన్నా ముందు, నెలల తరబడి తన ఒంటి మీద కుట్టు మారినా పోల్చుకోలేని దర్జీ బయటపడతాడు. మాస్టారు పట్టీ సర్దుకున్నారు.

"ఏం లేదు. టేపు సరిగ్గానే ఉంది."

"హమ్మయ్య. అయితే నావీ ఒకసారి తియ్యండి. ఆ కోటు ఇప్పుడు నాకు వదులవుతుందేమో."

ఆవిడ వెళ్లి అద్దం ముందు నిలబడింది. బ్యాంకు మేడమ్ గౌను సంగతి మర్చిపోయింది. మాస్టారు భుజం కేకేశారు, చెయ్యి పొడుగు కేకేశారు. నడుము దగ్గర టేపు చుట్టి, అంకె చూసి, అద్దంలో ఆవిడ కళ్లలోకి చూసి ఆగిపోయారు.

"వినపడలేదు మాస్టారూ! గట్టిగా చెప్పండి!" బాబాయి అరిచాడు.

"నీకు వినపడక్కర్లేదు," అన్నారు మాస్టారు. బిగుతు ప్యాంటుతో చిన్న చిన్న అడుగులు వేస్తూ బల్ల దాకా నడిచివెళ్లి, సుద్ద తీసుకుని, ఆ అంకె తన చేత్తో వేసి వచ్చారు.

ఆ సాయంత్రం ఆవిడ కోటు తొడుక్కుని వీధి చివరి దాకా నడిచి వచ్చింది. వదులైంది. అయినా వెచ్చగానే ఉంది.

ఇంటికొచ్చేసరికి మాస్టారు ప్యాంట్లన్నీ మిషను మీద పెట్టి నిలబడ్డారు.

"కొంచెం విప్పి పెట్టవే. ఊపిరాడట్లేదు."

"ఎంత విప్పమంటారు? అంకె గట్టిగా చెప్పండి, నాకీమధ్య సరిగా వినపడటం లేదు."

చెప్పారు. ఇంకా గట్టిగా అంది. ఇంకా గట్టిగా చెప్పారు. పక్కింటి కిటికీ తెరుచుకున్నాక గానీ ఆవిడ దారం ఎక్కించలేదు.

అన్నీ విప్పింది, ఒక్కటి తప్ప. మాస్టారు అడిగితే, అది బిస్కెట్ల కోసం అని చెప్పింది. ఇప్పటికీ వంటింట్లో డబ్బా మూత చప్పుడైతే చాలు, ఆవిడ దారం లేని మిషను మీద కాలు వేసి ఊరికే రెండుసార్లు తొక్కుతుంది. మూత మళ్లీ పడిపోతుంది. ఆ తర్వాత కాసేపు కీరదోస కొరుకుతున్న చప్పుడు వినిపిస్తుంది.